మీలీ కోట మీంచి చూసినది

రంగూన్ రేవులో మా ఓడ లంగరెత్తేసరికి ఉదయం ఆరు గంటలైంది. ఓడ నిండా బియ్యం. స్టోరు గుమాస్తా కింద సహాయకుడి పని సంపాదించి నేనూ ఎక్కాను కాని, నా అసలు సామాను ట్వంటే ఊళ్ళో చేసిన ఒక చిన్న మట్టి కుండ. అందులో గుప్పెడు మట్టి ఉంది. దాన్ని గ్రీసు దేశంలో మీలీ అనే స్టేషన్ దగ్గర కతెరీనా అనే ఆమె చేతిలో పెట్టాలి. నేను చెయ్యవలసింది అంతే. ఎంత వంకరగా చేశానో రాస్తాను. కోటలు చూడాలని అటు వెళ్ళేవాళ్ళకు దారి వివరాలు కూడా ఇందులోనే దొరుకుతాయి.

రంగూన్ పబేడాన్ బజారులో గ్రీసు దేశం నుంచి వచ్చిన యానీ దొరకు రొట్టెల దుకాణం ఉండేది. దొర అంటే గుర్రబ్బండి దొర కాదు. మోచేతుల దాకా పిండి పూసుకుని బట్టీ ముందు నిలబడే మనిషి. బర్మావాళ్ళు ఆయన్ని గౌరవంగా ఊ యానీ అనేవారు. మా నాన్న కళింగపట్నం వైపు నుంచి వచ్చి రంగూన్ రేవులో మూటలు మోశాడు. నేను రంగూన్‌లోనే పుట్టి, చిన్నతనంలోనే దొర దగ్గర పిండి పిసకడానికి కుదిరి, చివరికి దుకాణం చూసుకునేవాణ్ణయ్యాను. సాయంత్రాలు పని తెమిలాక దొర బల్ల మీద పిండి కుప్ప పోసి కొండలు చేసేవాడు. వాటి మీద బొటనవేలితో నొక్కి గోడలు దిద్దేవాడు. "మా వైపు కొండకో కోట అప్పలస్వామీ," అనేవాడు, బర్మా మాటలు కలిసిన హిందుస్తానీలో. "మా ఊరి కింద మీలీ కోట. అది ఎక్కితే ఎవరొస్తున్నారో ఊరికంటే ముందు మనకే తెలుస్తుంది." నాకు ష్వేడగోన్ పగోడా ఉన్న గుట్ట తప్ప వేరే కొండ తెలియదు. ఆ పిండి కోటల పిచ్చి నాకు బాగా పట్టుకుంది.

వానాకాలంలో దొర పోయాడు. పెళ్ళీ పిల్లలూ లేరు. పోయేముందు, "నా మీద పోసే మట్టిలో గుప్పెడు మా అమ్మకు పంపు," అన్నాడు. తల్లి బాగా ముసలిది, ఊళ్ళో చెల్లెలు కతెరీనా దగ్గర ఉంది. పంపడం కాదు, నేనే తీసుకెళతానన్నాను. ఆ మాటలో కోటల ఆశ ఎంత ఉందో అప్పుడు నేను చూసుకోలేదు.

కుండ మూతికి పసుపు గుడ్డ కట్టింది మా ఆవిడ పైడమ్మ.

"దారిలో నేల మీద ఎట్టకు. సెట్టుకో మేకుకో యేలాడదియ్యి. మంగళారం నాడు ఎవులింటికీ అట్టుకెల్లకు. ఇన్నావా?"

"అస్తికలు కాదే, ఒట్టి మట్టి."

"మనిసి మీద మట్టి మనిసి కాదేటి?" అంది.

నేను కుండకు తాడు కట్టాను.

కొలంబో, ఏడెన్, సూయెజ్ మీదుగా ప్రయాణం. ఓడ మీద తెలుగు మాట మాట్లాడేవాడు ఒక్కడే, బొగ్గుపొయ్యి దగ్గర పనిచేసే తవిటయ్య. మాకు చుట్టరికం లేదు గాని నన్ను మావా అనేవాడు. నేను అన్నం తినేటప్పుడు కుండ తను పట్టుకునేవాడు. "ఓడకి బియ్యం బరువు, నాకు నీ దొర బరువు. తొందరగా మింగు మావా," అనేవాడు. కోటల గురించి నేను చెప్పింది చెప్పి చెప్పి అతని చెవులు వాచాయి.

చలికాలంలో ఒక ఆదివారం పిరేయస్ రేవులో దిగాం. రేవు వెంట రేకుల కొట్టాల్లో వేలమంది తలదాచుకుని ఉన్నారు. సముద్రానికి అవతల టర్కీ తీరం నుంచి యుద్ధంలో ఇళ్ళు పోగొట్టుకుని వచ్చినవాళ్ళట. బియ్యం దించడానికి నాలుగు రోజులు పడుతుందనీ, గురువారం పొద్దుటికి ఓడ మీద ఉండాలనీ కప్తాను కింది అధికారి, మేటు, చెప్పాడు. రేవు దగ్గర ఇంగ్లీషు వచ్చిన కొట్టువాడొకడు నా తరఫున కతెరీనాకు తంతి ఇచ్చాడు. సోమవారం మధ్యాహ్నం రైలుబండికి మీలీలో దిగుతానని.

తవిటయ్య నిచ్చెన దాకా వచ్చాడు. "సూటిగా ఎల్లి సూటిగా రా. కోటలూ గీటలూ అని తిరక్కు. నీ మొకం సూత్తే నాకు నమ్మకం లేదు."

సోమవారం ఏడు గంటల బండి. మూడో తరగతి, చెక్కబల్లలు. మీటరుగేజి బండి కావడంతో మాండలే బండిలో కూర్చున్నట్టే ఉంది. ఎదురుగా రెండు కోళ్ళను ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన. నాకు నాలుగు ఆలివ్ కాయలిచ్చి, కుండ వైపు వేలు చూపించాడు. ఏం చెప్పాలో తెలియక "యానీ" అన్నాను. ఆయన తల ఊపాడు. కుడివైపు కొండచరియ, ఎడమవైపు సముద్రం. ఆ తరువాత కొండను నిలువునా కోసి తవ్విన కాలవ మీద వంతెన దాటాం. కిందికి చూస్తే నీళ్ళు నూతిలో నీళ్ళలా నల్లగా కనిపించాయి.

పది గంటలకు కొరింత్. కిటికీలోంచి చూస్తే మైదానం మీద ఒంటరిగా ఒక పెద్ద రాతికొండ, దాని నెత్తి చుట్టూ గోడలు. దొర పిండితో ఎన్నోసార్లు చేసిన కొండే. "కాస్త్రో," అన్నాడు ముసలాయన. కోట అని. నేను లేచాను. ఆయన నా టిక్కెట్టు చూసి, "మీలీ ఇక్కడ కాదు, ఇక్కడ కాదు" అన్నట్టు చొక్కా చెయ్యి పట్టి లాగాడు. నేను నవ్వి, "కాస్త్రో" అని దిగిపోయాను. బండి కదిలాక కూడా ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. వీడ్కోలు కాదు, వెనక్కి రమ్మని.

ఒక్క గంట చూసి సాయంత్రం బండి పట్టుకుందామనుకున్నాను. కొండ కింది పాత ఊరికి గుర్రబ్బండివాడు తీసుకెళ్ళేసరికే పన్నెండు అయింది. అక్కడి నుంచి నడకే. ఆ కొండను వాళ్ళు అక్రోకొరింత్ అంటారు. ముందు అగడ్త, దాని మీద వంతెన, ఆ పైన ఒకదాని వెనక ఒకటి మూడు ద్వారాలు. మొదటిది ఒకరు కట్టింది, రెండోది ఇంకొకరు, మూడో దానికి ఆనుకున్న బురుజులో అడుగు రాళ్ళు అందరికంటే పాతవి. ఎవరు గెలిస్తే వాళ్ళు పగిలినచోట అతుకు వేసుకుంటూ పోయారు. లోపల ఒక ఊరంత చోటుంది. గుడి గోడలు, మసీదు గోడలు, ఇళ్ళ గోడలు ఉన్నాయి. మనిషి లేడు. మా ష్వేడగోన్ మెట్ల మీదైతే పువ్వులమ్మేవాళ్ళు, దీపాలవాళ్ళు, పిల్లల ఏడుపులు. కొండ మీద అంటే మనుషులుంటారనే నా లెక్క. ఇక్కడ మేక గంటల చప్పుడు తప్ప ఏమీ లేదు.

శిఖరం ఎక్కడానికి చేతులు ఖాళీగా ఉండాలని, గోడ పగుల్లో మొలిచిన అడవి అంజూరపు కొమ్మకు కుండ తగిలించాను. పైకి వెళితే రెండువైపులా రెండు సముద్రాలు. వెనక మంచు కొండలు. "దొరా, చూశావా" అని పైకే అన్నాను. అని పక్కకు చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన్ని కింద కొమ్మకు తగిలించి వచ్చానని. దిగేసరికి ఒక మేక ముందుకాళ్ళు గోడకెత్తి పసుపు గుడ్డ నములుతోంది. కుండ పగల్లేదు. గుడ్డ సగం పోయింది. మిగిలిన పీలికను ముడివేశాను.

సాయంత్రం బండి పోయింది. కొరింత్‌లో స్టేషన్ పక్క సత్రంలో మంచం, చిక్కుడు గింజల పులుసు, రొట్టె దొరికాయి. రొట్టె మా దుకాణం రొట్టెకు సాటి రాదు. ఇంకో తంతి ఇవ్వాలని తోచలేదని రాస్తే అబద్ధమవుతుంది. తోచింది. ఇస్తే ఫలానా రోజు వస్తానని మాట ఇవ్వాలి. మర్నాడు మంగళవారం. మంగళవారం తీసుకెళ్ళకూడదని పైడమ్మ చెప్పింది కదా, అంటే రేపంతా నాదే, అనుకున్నాను. ఆ రాత్రి ఆ నియమం నాకు ఎంతో పవిత్రంగా కనిపించింది. దుకాణంలో ఉన్న ఇన్నేళ్ళూ మంగళవారమని నేను ఏ పనీ ఆపినవాణ్ణి కాదు.

మంగళవారం ఎనిమిది గంటల బండికి ఆర్గోస్. రెండు గంటలు పైన పట్టింది. ఊరి వెనక శంఖంలా లేచిన కొండ, దాని మీద లారిసా కోట. ఎక్కేవాళ్ళు నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. సగం దారిలో రాతికి అతుక్కున్నట్టు ఒక మఠం ఉంది. అక్కడ నల్లబట్టల సన్యాసిని నాకు మంచినీళ్ళు ఇచ్చింది. కుండను, చిరిగిన గుడ్డను చూసింది. పైన కోటను చూసింది. మళ్ళీ నన్ను చూసి ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. అర్థం కానందుకు సంతోషించాను.

కోట లోపల ఇంకో కోట. అడుగున ఏనుగుల్లాంటి రాళ్ళు, సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి అమర్చినవి. వాటి మీద తరవాతివాళ్ళ చిన్న రాళ్ళ గోడలు, కోటకొమ్మలు. ఈసారి కుండ దింపలేదు. మెడకు తాడు వేసుకుని తిరిగాను. గాలి విపరీతంగా ఉంది. తెచ్చుకున్న రొట్టె తింటూ కూర్చుంటే, ఓడ దిగినప్పటి నుంచి ఎవరితోనూ నిండుగా ఒక మాట మాట్లాడలేదని గుర్తొచ్చింది. "దొరా" అనబోయి ఊరుకున్నాను. కింద మైదానమంతా నారింజ తోటలు. అటువైపు అఖాతం, దాని ఒడ్డున మరో పెద్ద కోట. ఇటువైపు నీళ్ళ అంచున ఒక చిన్న కొండ, దాని మీద విరిగిన పన్నులా ఒక గోడ. చూడగానే తెలిసిపోయింది. పిండిలో ఆ పన్ను దిద్దడానికి దొర ఎప్పుడూ గోరు వాడేవాడు. అది మీలీ. అంత దగ్గర. సాయంత్రం బండికి ఎక్కితే అరగంట. నేను మొహం తిప్పుకుని ఆర్గోస్ సత్రానికి దిగాను. కుండను గోడ మేకుకు తగిలించాను.

బుధవారం ఎనిమిదిన్నరకు మీలీలో దిగాను. రేవూ స్టేషనూ పక్కపక్కనే. ఏటి ఊటలు, వాటి మీద పాత తిరగలి మరలు. స్టేషన్ దగ్గర ఇనుప చువ్వలకు మాంసం గుచ్చి కాల్చే కొట్టు ఒకటి. నాకోసం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. తంతిలో మధ్యాహ్నం బండి అని రాయించాను కదా, ఆమె వస్తే మధ్యాహ్నమే వస్తుంది, ఈలోగా దొర కోట చూడొచ్చని లెక్క వేశాను. కొట్టువాడు ఏదో కేక వేశాడు. మాంసం అమ్మడానికనుకుని చెయ్యి ఊపి కొండ దారి పట్టాను.

గంటలోపే ఎక్కవచ్చు. ముళ్ళపొదలు, జారే రాళ్ళు. మూడు కోటల్లోకీ ఇదే చిన్నది. పగిలిన బురుజొకటి, నాలుగు గోడలు, లోపల మొలిచిన గడ్డి. మిగతా రెండు కోటలూ రాజులకోసం కట్టినట్టున్నాయి. ఇది కాపలా కాసేవాడికోసం కట్టినట్టుంది. గోడ మీద కూర్చుంటే సముద్రం, పట్టాలు, కొండల్లోకి పోయే దారి, అన్నీ అరచేతిలో ఉన్నట్టే. దొర కూర్చున్న రాయి ఇదేనేమో అని రాళ్ళు మార్చి మార్చి కూర్చున్నాను.

పదకొండు దాటాక కొండదారిలో నల్లబట్టల ఆడమనిషి ఒకామె రెండు కంచరగాడిదలను తోలుకుంటూ దిగింది. ఒకదాని మీద ఆమె కూర్చుంది. రెండోదాని మీద ఎర్రటి ఉన్ని దుప్పటి పరిచిన జీను, దాని మీద ఎవరూ లేరు. స్టేషన్ దగ్గర దిగి అరుగు మీద కూర్చుంది. పన్నెండున్నర దాటాక ఆర్గోస్ బండి వచ్చింది. ఆమె లేచి తలగుడ్డ సర్దుకుని, పెట్టె పెట్టెకూ నడిచి కిటికీల్లోకి చూసింది. బండి వెళ్ళిపోయింది. ఆమె గాడిదల దగ్గరికి వెళ్ళి నిలబడింది. చూడటానికి ముచ్చటగా ఉంది. మైదానం, ఆకుపచ్చ, నలుపు, ఆ ఎర్ర దుప్పటి. పైడమ్మకు చెప్పాలనుకున్నాను. మధ్యాహ్నం బండి అదేనని, తంతి నాదేనని నాకు తట్టలేదంటే నమ్ముతారా? తట్టింది. ఎదురుగా వచ్చి ఉన్నదాన్ని చూడకూడదనుకున్నవాడికి ఎంతసేపు తట్టకుండా ఉంచుకోవచ్చో అంతసేపు ఉంచుకున్నాను. ఇంకెవరి కోసమో అనుకున్నాను. రొట్టె తిన్నాను.

ఒకటిన్నర ప్రాంతంలో ఎదురుదిక్కు నుంచి, త్రిపోలీ వైపు నుంచి, ఇంకో బండి వచ్చింది. ఆమె దాని దగ్గరికీ వెళ్ళింది. మళ్ళీ తలగుడ్డ సర్దుకుంది. మళ్ళీ పెట్టె పెట్టెకూ చూసింది. నిద్రపోయి స్టేషన్ దాటిపోయి, వెనక్కి వస్తున్నవాడి కోసం తప్ప ఎవరి కోసం అలా చూస్తారు? ఆ ఖాళీ జీను నాది.

ఆమె గాడిదల తాళ్ళు విప్పుతుంటే లేచాను. కుండను రెండు చేతులా రొమ్ముకు పట్టుకుని, రాళ్ళ మీద కూలబడుతూ, జారుతూ దిగాను. స్టేషన్ చేరేసరికి గాడిదలు లేవు.

మాంసం కొట్టువాడు ఓడల్లో తిరిగిన మనిషి. రేవు ఇంగ్లీషు వచ్చు.

"నువ్వేనా రంగూన్? పొద్దున పిలిచాను, చెయ్యి ఊపి పోయావు!"

"ఆమె..."

"సోమవారం వచ్చింది. చీకటి పడేదాకా అన్ని బండ్లూ చూసింది. నిన్నా వచ్చింది. ఇవాళా వచ్చింది. రేపటి నుంచి గానుగలో ఆమె ఆలివ్ కాయలు ఆడించుకునే వంతు, ఇక రావడానికి కుదరదు."

"నిన్న మంగళవారం," అన్నాను. "మాలో మంగళవారం ఇలాంటివి తీసుకెళ్ళరు."

అతను చేతిలో చువ్వ దించి నన్ను చూశాడు. "మాలోనూ మంగళవారం చెడ్డదే. నేను అదే అన్నాను ఆమెతో, ఇవాళ ఎందుకొచ్చావని. మా అన్న ఏ రోజు వచ్చినా రానీ అంది."

కొండదారి చూపించాడు. పరుగెత్తాను. రెండో మలుపు పైన గాడిదలు కనిపించాయి. అమ్మా అని పిలవాలా, పేరు పెట్టి పిలవాలా, నాకు ఆ భాషలో ఏం వచ్చు? రొట్టెల మాటలు వచ్చు. రోజూ తెల్లవారగానే బట్టీ తలుపు తీసి దొర వీధి మారుమోగేలా వేసే కేక వచ్చు. వేడి రొట్టె అని. ఊపిరి కూడదీసుకుని ఆ కేకే వేశాను, ఆయన సాగదీసినట్టే సాగదీసి.

"జెస్తో ప్సోమీ!"

గాడిదలు ఆగాయి. ఆమె వెంటనే తిరగలేదు. వీపు మాత్రం నిటారైంది. ఆ తరవాత తిరిగింది.

దగ్గరికి వెళ్ళి కుండ చాచాను. "యానీ," అన్నాను. ఆమె దిగి రెండు చేతులా తీసుకుంది. మేక నమిలిన పీలికను వేలితో తడిమింది. తన తల మీది నల్లగుడ్డ విప్పింది. జుట్టు నెరిసిపోయి ఉంది. కుండ మూతిని ఆ గుడ్డతో గట్టిగా కట్టింది. కట్టాక ఖాళీ జీను మీద చెయ్యి కొట్టి, నన్ను ఎక్కమంది. పైకి, కొండల్లోకి చూపించి, నడుము వంచి కర్ర పట్టుకున్నట్టు అభినయించింది. తల్లి. ఆ తరువాత రెండు చేతులూ చాచి మంట కాచుకున్నట్టు.

నేను స్టేషన్ వైపు చూపించాను. మూడు గంటల బండి, దాన్ని వదిలితే ఓడ ఉండదు. సోమవారం దిగి ఉంటే ఆ పొయ్యి దగ్గర రెండు రాత్రులు కూర్చునేవాణ్ణి. దొర చివరి రోజులు ఆ తల్లికి సైగలతోనైనా చెప్పేవాణ్ణి. ఆ మాటలు ఇప్పటికీ నా దగ్గరే ఉండిపోయాయి.

ఆమె కోట వైపు వేలు చూపించి, నా వైపు చూపించింది. పగలంతా గోడ మీద కూర్చున్న మనిషివి నువ్వేనా అని. కింద నుంచి ఆమెకూ కనిపించానన్నమాట. అబద్ధం ఆడటానికి భాష లేదు. అవునని తల ఊపాను.

"యానీ," అంది ఆమె. అరచెయ్యి నడుము ఎత్తున పట్టి, అంత పిల్లవాడు అన్నట్టు, మళ్ళీ కోట చూపించింది. అది క్షమించడమో, ఊరికే గుర్తు చేసుకోవడమో నేను నిర్ణయించలేను. నాకు అనుకూలంగా అర్థం చెప్పుకునే హక్కు ఆ మూడు రోజుల్లో పోగొట్టుకున్నాను.

జీను సంచిలోంచి గుడ్డలో చుట్టిన రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. కుండను ఎర్ర దుప్పటి మీద, నేను కూర్చోవలసిన చోట, తాళ్ళతో కట్టింది. అది నేల మీద పెట్టకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మలుపు తిరిగేదాకా చూశాను.

బండిలో ఆ రొట్టె విరవబోతే విరగలేదు. సోమవారం కాల్చింది. నీళ్ళలో ముంచుకుని తిన్నాను. అంచున మా దుకాణం రొట్టె రుచే, అదే ఉప్పు, అదే సోంపు. కొరింత్ దగ్గర బండి ఆగినప్పుడు కోట కొండ పొద్దుగూకే వెలుగులో ఎర్రగా ఉంది. కిటికీ ఇవతలే కూర్చున్నాను. రాత్రికి పిరేయస్ చేరాను.

ఓడ సూయెజ్ దాటాక తవిటయ్య అడిగాడు. "ఇంతకీ నీ కోటల్లో ఏటి సూసావు మావా?"

అంతా చెప్పాను. మంగళవారం సంగతి కూడా. నవ్వుతాడనుకున్నాను. అతను చేతుల బొగ్గు మసి తుడుచుకున్నాడు.

"ముసిల్ది పొయ్యి ఆర్పకుండా ఉంచుంటాది మావా," అన్నాడు. "మూడ్రోజులూ."

పైడమ్మకు ఇంటికెళ్ళాక చెప్పవలసింది ఇదే. ముచ్చటైన దృశ్యం కాదు.

మీలో ఎవరైనా అటు వెళితే మూడు కోటలూ చూడదగ్గవే. లారిసా రాళ్ళు ఇంకెక్కడా చూడరు, అక్రోకొరింత్ మీద రెండు సముద్రాలు ఒకేసారి కనిపిస్తాయి. కాని మీకోసం ఎవరైనా స్టేషన్‌కు వస్తామని ఉంటే ముందు ఆ స్టేషన్‌లో దిగండి. ఆ రాళ్ళు అన్ని వందల ఏళ్ళు ఉన్నాయి, ఇంకో రెండు రోజులు ఉంటాయి. నేను ఎక్కవలసినచోట కుండను ఎక్కించుకుని కొండల్లోకి పోయిన ఆ ఎర్ర దుప్పటి జీను ఏ కోట మీంచీ నాకు మళ్ళీ కనిపించదు.